కాలర్ల కట్ట

జూన్ 8, ఆదివారం

కర్మన్‌ఘాట్‌లో గుడి వెనక వీధి, జిరాక్స్ షాపు పైన గది. పద్దెనిమిది మంది ఆడవాళ్ళు, ఒక ముసలాయన, నేను. దీన్నే వీళ్ళు యూనియన్ అంటున్నారు.

ముసలాయన పేరు పట్టాభి. ఏదో మిల్లులో యూనియన్ నడిపాడట, ఆ మిల్లు మూతపడిందట. ఇప్పుడు మా బట్టల కంపెనీని బాగుచేయడానికి బయల్దేరాడు. గంటన్నర చరిత్ర చెప్పాడు. ఏం చరిత్ర? బాత్రూం చరిత్ర. ఒకప్పుడు మా కంపెనీలో ముప్పై ఆరు మంది ఉన్న లైనుకు రెండే చెక్క టోకెన్లు ఉండేవట. టోకెన్ మెడలో వేసుకున్నవాళ్ళే బాత్రూంకు వెళ్ళాలి. ఒకరోజు లైను లైనంతా మిషన్లు ఆపేసి, ఒకే టోకెను చేతులు మార్చుకుంటూ వరసగా వెళ్ళారట. ఆ పూట ఒక్క చొక్కా కూడా బయటికి రాలేదట. వారం తిరక్కుండా టోకెన్లు తీసేశారట. ఇది ఉద్యమం. నవ్వు ఆపుకోవడానికి దగ్గాను.

అండాలమ్మ చూసింది. ఆమె మా మూడో లైనులో కాలర్లు కుడుతుంది. ఇరవై ఒక్క ఏళ్ళుగా అదే మిషను, అదే స్టూలు. నల్గొండ వైపు మనిషి.

"దగ్గు మందు తాగు బిడ్డ. చరిత్ర ఇనంగనె దగ్గొస్తది కొందరికి" అన్నది.

అందరూ నవ్వారు. నవ్వుకోనీ. నేను వెళ్ళింది వీళ్ళ టీ కోసం కాదు. ప్రసన్నకుమార్ సార్ వెళ్ళమన్నాడు కాబట్టి వెళ్ళాను.

జూన్ 9, సోమవారం

ప్రసన్నకుమార్ సార్ మా కంపెనీలో హెచ్ఆర్. ఆయన గదిలో ఏసీ ఉంటుంది. నన్ను కూర్చోమన్నాడు. కంపెనీలో నన్ను కూర్చోమన్న మొదటి మనిషి.

"ఎంతమంది వచ్చారు రాజూ?"

చెప్పాను. టోకెన్ల కథ కూడా చెప్పాను. ఆయన పడీపడీ నవ్వాడు.

"చురుకైన కుర్రాడివి. ఆ నంబరింగ్ బల్ల దగ్గర ఎన్నాళ్ళని నిలబడతావ్? కటింగ్ ఇన్‌ఛార్జి పోస్టు ఖాళీగా ఉంది. ప్రతి ఆదివారం వెళ్ళిరా. ఏం మాట్లాడుకున్నారో వచ్చి చెప్పు. అంతే."

ఇది చాడీలు చెప్పడం కాదు. జరిగింది జరిగినట్టు చెప్పడం. పేపరోళ్ళు చేసేదీ ఇదే.

జూన్ 12, గురువారం

తొమ్మిదో తరగతిలో బడి మానేసినప్పటి నుంచి నేను చేసిన పనులు: దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల ముందు మొబైల్ కవర్లు అమ్మడం, హయత్‌నగర్‌లో టైర్ల షాపు, ఎల్‌బీ నగర్‌లో జ్యూస్ బండి, ఇప్పుడు ఇది. అన్నింటిలోకీ బుర్ర అక్కర్లేని పని ఇదే.

గుడ్డను పొరలు పొరలుగా పరిచి ఒకేసారి కోస్తారు. ఎనభై పొరలు. పై నలభై పొరలు ఒక రోలువి, కింది నలభై ఇంకో రోలువి. అన్నీ నీలమే, కానీ రోలు రోలుకూ రంగు కొంచెం తేడా వస్తుంది. అందుకని పై నుంచి కిందికి ఒక్కో ముక్కకూ నంబరు స్టిక్కరు వేయాలి. పన్నెండో నంబరు చొక్కా ఒంటికి పన్నెండో నంబరు కాలరే కుట్టాలి. అప్పుడే చొక్కా అంతా ఒకే రంగు. ఈ స్టిక్కర్లు వేసేది నేను. కోతికి నేర్పినా వేస్తుంది.

పొద్దున జ్యోతిక కట్టలు తీసుకెళ్ళడానికి వచ్చింది. ఆమె కూడా యూనియన్ మీటింగులకు వస్తుంది. పట్టాభి ఎలా మాట్లాడతాడో చేసి చూపించాను. చెయ్యి పైకెత్తి, "అమ్మల్లారా, చరిత్ర అంటే ఏమిటీ" అని.

"ఆయన ఇంటే ఏమనుకుంటడు? పెద్దమనిషి" అంటూనే నవ్వింది.

ఎత్తిన చెయ్యి దించేటప్పుడు మోచెయ్యి తగిలి కాలర్ల కట్ట కింద పడింది. తీసి, సర్ది, నంబర్లు వేశాను. ఎనభై కాలర్లు, ఎనభై నంబర్లు. అరగంటలో పని ముగిసింది.

జూన్ 15, ఆదివారం

ఇవాళ కథ ఇంకా ఘోరం. పద్నాలుగేళ్ళ కింద ఒక లాటులో ఒంటి రంగు వేరు, కాలరు రంగు వేరు వచ్చిందట. తప్పు ఎక్కడ జరిగిందో చూడకుండా పదకొండు మంది టైలర్లను తీసేశారట. ఆ పదకొండు మంది గేటు ముందు నలభై రోజులు కూర్చున్నారు. వాన పడితే కోసిన ముక్కలు మూటకట్టే ప్లాస్టిక్ కవర్లు కప్పుకున్నారు. ఆఖరికి ముగ్గురిని వెనక్కి తీసుకున్నారు. ఆ ముగ్గురిలో అండాలమ్మ ఒకతి.

"మిగిలినోళ్ళు?" అని అడిగాను. ఊరికే.

"ఇద్దరు బెంగుళూరు పోయిండ్రు. ఒకామె కర్మన్‌ఘాట్‌లనె ఇండ్లల్ల పని జేస్తది. తక్కినోళ్ళ ముచ్చట ఎవ్వరికీ తెల్వదు" అన్నది అండాలమ్మ.

"అప్పటినుంచే మనం స్టిక్కర్లు పారేయడం మానేశాం" అన్నాడు పట్టాభి. "ఒంటి మీద నంబరూ, కాలరు మీద నంబరూ తీసి పక్కపక్కన అంటించి పెట్టుకుంటే, పన్నెండుకు పన్నెండే కుట్టానని రేపు చూపించొచ్చు. సరుకు చెకింగ్ దాటేదాకా వాటిని తీయకూడదు."

అదన్నమాట సంగతి. మిషన్ల పక్క చెక్కల మీద ఆ స్టిక్కర్లు రోజూ చూస్తూనే ఉన్నాను. ఆడవాళ్ళు అద్దం మీద బొట్టుబిళ్ళలు అంటించినట్టు అలవాటుగా అంటిస్తున్నారనుకున్నాను. నలభై రోజులు వానలో కూర్చుని వీళ్ళు సంపాదించింది స్టిక్కర్లు.

జూన్ 16, సోమవారం

ప్రసన్నకుమార్ సార్‌కు చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"అన్ని మిషన్ల మీదా ఉంటాయా?"

"అన్నిటి మీద సార్. అండాలమ్మ దగ్గరైతే వరసలు వరసలు."

"టీ తాగుతావా?" అని అడిగాడు.

జూన్ 18, బుధవారం

షిఫ్టు మొదలవక ముందే హౌస్‌కీపింగ్ వాళ్ళు మిషన్లన్నీ థిన్నర్‌తో తుడిచేశారు. హాలంతా వాసన. శుభ్రత కోసమని నోటీసు పెట్టారు. ఇక నుంచి స్టిక్కర్లు చెత్తబుట్టలోనే వేయాలి.

అండాలమ్మ తన చెక్క మీద అరచెయ్యి పెట్టి కాసేపు నిలబడింది. తర్వాత కూర్చుని మిషను తిప్పింది.

"మనం జెప్పుకున్న మూడోనాడే" అన్నది, ఎవరినీ చూడకుండా.

జూన్ 23, సోమవారం

కొనేవాళ్ళ తరఫు చెకింగ్ మనిషి వచ్చి పెట్టెలు విప్పాడు. నీలం చొక్కాలు. ఒళ్ళు ఒక నీలం, కాలరు ఇంకో నీలం. ఒకటి కాదు, లాటు లాటంతా. ఆయన ఒక చొక్కాను వెలుగులో పట్టుకుని చూసి, మళ్ళీ పెట్టెలో పడేశాడు.

ఆ లాటు కాలర్లన్నీ అండాలమ్మ కుట్టినవే. మధ్యాహ్నం భోజనం చేస్తుంటే పిలిచి కాగితం చేతిలో పెట్టారు. సస్పెన్షన్. యూనియన్ మాట విని కావాలనే కాలర్లు కలిపి కుట్టిందట. పదిరోజుల్లో ఎంక్వైరీ. రుజువైతే డిస్మిస్.

ఆమెకు యాభై దాటాయి. కళ్ళజోడు పెట్టుకున్న టైలరును ఇంకో కంపెనీ గేటు లోపలికి రానివ్వదు. ఇది నాకే కాదు, వాచ్‌మన్‌కు కూడా తెలుసు.

ఆమె డబ్బా మూతపెట్టి, చెయ్యి కడుక్కుని, వెళ్ళిపోయింది. ఏడుస్తుందేమోనని అందరూ చూశారు. ఏడవలేదు.

జూన్ 24, మంగళవారం

నా పొరపాటు కాదు.

జూన్ 25, బుధవారం

కట్ట పడింది, నిజమే. పడితే తీసి పెట్టాను. కట్టలు పడుతూనే ఉంటాయి. ఏది పైన, ఏది కింద అని కాలర్ల మీద రాసి ఉంటుందా?

ఇరవై ఒక్క ఏళ్ళు కుట్టిన మనిషికి రంగు తేడా కనబడొద్దా? ఆ ట్యూబులైట్ల కింద అన్నీ ఒకే నీలంలా ఉంటాయి. కళ్ళజోడు ఎందుకు మరి.

జూన్ 26, గురువారం

ప్రసన్నకుమార్ సార్ పిలిచాడు. తలుపు వేశాడు.

"కటింగ్ మాస్టరు చూశాడు. కాలర్ల కట్ట తలకిందులుగా పెట్టి నంబర్లు వేశారట. ఒకటో నంబరు ఒంటికి ఎనభయ్యో పొర కాలరు వెళ్ళింది."

నేను కుర్చీలోంచి లేవబోయాను.

"ఎవరు వేశారని నేను అడిగానా నిన్ను?" అన్నాడు. "అడగను కూడా. పదమూడో తారీఖు లంచ్ టైములో ఆవిడ కాలర్లు కలిపేస్తుంటే నువ్వు చూశావు. చూశావు కదా? ఇదిగో, టైపు చేయించాను. ఒకటో తారీఖు నుంచి కటింగ్ ఇన్‌ఛార్జివి."

సంతకం పెట్టాను. పెన్ను మంచిది, ఆగకుండా రాసింది.

ఎవడైనా అదే చేస్తాడు. వాళ్ళ చరిత్రలోని పదకొండు మంది కూడా, ఏసీ గదిలో కుర్చీ వేసి అడిగితే, అదే చేసేవాళ్ళు.

జూన్ 29, ఆదివారం

వెళ్ళకపోతే అనుమానిస్తారని వెళ్ళాను.

స్టిక్కర్ల సంగతి కంపెనీకి ఎవరు మోశారన్నదే అందరి గొడవ. గీత అని బటన్‌హోల్ మిషన్ ఆమె ఉంది. నోరు పెద్దది. ఆమె జ్యోతిక వైపు తిరిగింది.

"మీ బావ ఎవ్వని కారు నడుపుతడో మాకు తెల్వదా?"

జ్యోతిక అక్క మొగుడు ప్రసన్నకుమార్ సార్ డ్రైవరు. అది నిజమే.

"మా బావ కారు నడుపుతడు. నేను నడుపుతున్ననా?" అన్నది జ్యోతిక.

"మరి ఎవరు చెప్పిండ్రు? గోడలు చెప్పినయా?"

ఎవరూ ఆమె తరఫున మాట్లాడలేదు. పట్టాభి ఏదో సర్దబోయాడు గానీ గీత గొంతు ముందు ఆయన గొంతెంత. జ్యోతిక లేచి, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

నేనేం అనలేదు. నన్నెవరూ అడగలేదు.

మీటింగు అయ్యాక అండాలమ్మ మెట్ల దగ్గర ఆపింది.

"నీ పేరు సాక్షుల లిస్టుల ఉన్నది."

"వాళ్ళే రాసుకున్నరు. నాకేం తెల్వదు."

"కట్ట కింద పడ్డదా కొడుకా?"

నేను చెప్పులు వెతుక్కున్నాను.

"ఇన్నేండ్లు కాలర్లే కుట్టిన. కట్ట తిరగబడితే చొక్కా ఎట్లుంటదో నాకు ఎర్కనే. నంబర్లు జూసి కుట్టుమన్నరు, నంబర్లు జూసే కుట్టిన. చూపిద్దమంటె స్టిక్కర్లు లేవు." కొంగుతో కళ్ళజోడు తుడుచుకుంది. "నిన్ను బతిమాలుతలేను. నీ మొఖం జూసి అడిగిన, అంతే. ఏం గనవడలే."

ఇలాంటి మాటలకే వీళ్ళంటే ఒళ్ళు మంట. సహాయం కావాలంటే సరిగ్గా అడగడం కూడా రాదు.

జూలై 1, మంగళవారం

ఇన్‌ఛార్జి కాగితం ఇచ్చారు. టేబులూ ఇచ్చారు, దానికి డ్రాయరుంది. డ్రాయర్లో పెట్టడానికి నా దగ్గర ఏమీ లేదు.

జ్యోతిక నా ముందు నుంచే కట్టలు తీసుకెళ్ళింది. ఆమెతో ఎవరూ మాట్లాడటం లేదు. భోజనం ఒక్కతే తింటోంది.

జూలై 3, గురువారం

ఎంక్వైరీ మీటింగు హాల్లో. కంపెనీ పిలిపించిన లాయరు వెంకట్రావు, పక్కన ప్రసన్నకుమార్ సార్, ఎదురుగా అండాలమ్మ. ఆమెకు తోడుగా పట్టాభి వస్తానంటే బయటి మనిషికి అనుమతి లేదన్నారు. ఒక్కతే కూర్చుంది.

నన్ను లోపలికి పిలిచారు. నేను కూర్చుంటుండగానే ప్రసన్నకుమార్ సార్ లాయరుతో ఇంగ్లీషులో అన్నాడు. వీడు పదో తరగతి కూడా చదవలేదు, భయపడకండి, మనం ఏం పెడితే అదే పలుకుతాడు అని. నవ్వుతూ అన్నాడు. నా ముందే, నేను అక్కడో కుర్చీ అన్నట్టు.

నాకు ఇంగ్లీషు రాదనుకున్నాడు. కోచింగ్ సెంటర్ల మధ్య రెండేళ్ళు కవర్లు అమ్మినవాడికి ఆ మాత్రం ఇంగ్లీషు వస్తుంది.

"పదమూడో తారీఖున మీరేం చూశారో చెప్పండి" అన్నాడు లాయరు.

"ఏమీ చూడలేదు" అన్నాను.

ప్రసన్నకుమార్ సార్ నవ్వు అలాగే ఉండిపోయింది.

"పన్నెండో తారీఖు కాలర్ల కట్ట నా చేతిలో కింద పడింది. తలకిందులుగా పెట్టి నంబర్లు వేసింది నేను. ఆమె నంబర్ల ప్రకారమే కుట్టింది. ఈ సంగతి సార్‌కు కూడా తెలుసు. తెలిసే నాతో సంతకం పెట్టించాడు."

లాయరు పెన్ను కాగితం మీద పెట్టి ఉంది. కదల్లేదు.

"సాక్షి తడబడుతున్నాడు" అన్నాడు ప్రసన్నకుమార్ సార్. "ఇవాళ్టికి వాయిదా వేద్దామండీ."

"సరే. అమ్మా, ఇక్కడ సంతకం పెట్టు" అంటూ లాయరు కాగితం జరిపాడు.

అండాలమ్మ కళ్ళజోడు పెట్టుకుని కాగితం చూసింది.

"పిలగాడు చెప్పింది ఇండ్ల లేదు కద సారు."

"అదంతా తర్వాత చూస్తాం."

"జెర రాయుర్రి. రాసినంక పెడ్త."

"రాయకపోతే ఏం చేస్తావమ్మా?"

"కూసుంట. నాకు అలవాటే."

పదకొండున్నరకు అన్నది ఆ మాట. పన్నెండున్నర అయింది. లాయరు రెండుసార్లు ఫోన్ మాట్లాడటానికి బయటికి వెళ్ళొచ్చాడు. ప్రసన్నకుమార్ సార్ నన్ను చూడటం మానేశాడు. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని, బస్సు కోసం ఎదురుచూస్తున్నట్టు కూర్చుంది. సంతకం లేని కాగితం లేబర్ ఆఫీసులో నిలవదని ఆమెకు తెలుసు. అది లాయరుకూ తెలుసు. తెలియంది నాకొక్కడికే.

ఒంటిగంటన్నరకు లాయరుకు ఆకలేసినట్టుంది. రాశాడు.

"పైకి సదువు" అని ఆమె కాగితం నా ముందుకు తోసింది. "నేను సదివితె ఆలస్యమైతది."

నేను అన్న మాటలు నేనే చదివాను. అనడం తేలిక. చదవడానికి మాత్రం రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. ఆమె సంతకం పెట్టింది. నేనూ పెట్టాను.

గేటు బయట సాగర్ రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డాం. ఏదో ఒకటి అనాలనిపించింది.

"నేనేదో మంచోణ్ణని చెప్పలే. వాడు నన్ను గట్ల అన్నడని చెప్పిన."

"తెల్సు. కోపంల చెప్పినవు. గట్ల చెప్పినా కాగితం మీదికెక్కింది, చాలు." బస్సు వచ్చింది. ఎక్కుతూ అన్నది: "నీ మీద నాకింకా కోపం పోలే. గది వేరే."

జూలై 4, శుక్రవారం

నాకూ సస్పెన్షన్ కాగితం ఇచ్చారు. నిర్లక్ష్యం, అబద్ధపు సాక్ష్యం. అండాలమ్మ మీద సస్పెన్షన్ ఎత్తేశారు, సోమవారం నుంచి పనిలోకి రమ్మన్నారు. ఎందుకు ఎత్తేశారో కాగితంలో ఒక్క ముక్క లేదు.

పట్టాభి ఫోన్ చేశాడు. "నీ కేసు మేం చూసుకుంటాం నాయనా. ఆదివారం రా."

జూలై 6, ఆదివారం

నేను గదిలో అడుగుపెట్టగానే చప్పట్లు కొట్టారు.

ఇదే పద్దెనిమిది మంది, జ్యోతిక తప్ప. గీత అందరికంటే గట్టిగా కొట్టింది. పట్టాభి లేచి నిలబడ్డాడు. ఈ వయసులో ఉద్యోగం పోతుందని తెలిసీ నిజం చెప్పిన కుర్రాడు, రేపు మన చరిత్ర చెప్పేటప్పుడు ఇతని పేరు కూడా చెప్పాలి అన్నాడు. మామూలుగా అయితే నాకు దగ్గు రావాలి. రాలేదు. బాగుంది. రాసుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ బాగుంది. జీవితంలో నాకెవరూ చప్పట్లు కొట్టలేదు.

అండాలమ్మ కొట్టలేదు. కిటికీ పక్కన కూర్చుని టీ తాగుతోంది.

"గీ పిలగాని లెక్క అందరుంటె ఏమన్న ఉండునా?" అన్నది గీత. "అన్నం పెట్టిన చేతికే మన్ను గొట్టిన జ్యోతిక లాంటిది ఒక్కతె చాలు. శుక్రవారం బాత్రూంల ఏడుస్తున్నది. నేనైతె పలకరియ్యలే."

అప్పుడు చెప్పకుండా ఊరుకోవచ్చు. ఎవరికీ తెలిసే దారి లేదు. ప్రసన్నకుమార్ సార్ చెప్పడు. చెప్పినా వీళ్ళు నమ్మరు, చప్పట్లు కొట్టారు కదా. జ్యోతిక నాకేం చుట్టం కాదు. మహా అయితే ఇంకో కంపెనీ చూసుకుంటుంది. ఆమెకు కళ్ళజోడు కూడా లేదు.

ఇదంతా ఆలోచించాను. ఆలోచిస్తూనే నోరు తెరిచాను.

"జ్యోతిక కాదు. నేను."

"ఏంది నువ్వు?" అన్నది గీత.

"స్టిక్కర్ల ముచ్చట సార్‌కు చెప్పింది నేనే. ప్రతి సోమవారం పోయి చెప్పిన. మీటింగులకు నన్ను ఆయనే పంపిండు."

టీ గ్లాసులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. గీత మొహం చూడలేకపోయాను. ఆమె ఒక మాట అన్నది, ఇక్కడ రాయను. తర్వాత ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్ళింది. "జ్యోతికా, జెర ఫోన్ పెట్టేయకె, నా మాట ఇను" అనడం వినబడింది.

పట్టాభి మొహం ఒక్కసారిగా ముసలిదైపోయింది. అప్పటిదాకా నేను మాటవరసకే ముసలాయన అంటున్నాను.

"మా సంగతులన్నీ చెప్పావా? వానలో కూర్చున్న సంగతి కూడానా?"

"చెప్పిన."

"ఏమన్నాడు?"

"దానికి ఏమనలే. స్టిక్కర్లకే సీరియస్ అయ్యిండు."

అండాలమ్మ గ్లాసు కింద పెట్టింది.

"ఏ తారీఖు నాడు చెప్పినవు?"

"జూన్ పదహారు."

"పద్దెనిమిది నాడు తుడిసిండ్రు. అంటె తెలిసే తుడిసిండ్రు." ఆమె పట్టాభి వైపు తిరిగింది. "సారూ, రాసుకోర్రి. వీని కేసుకు, మన స్టిక్కర్ల కేసుకు రెండిట్లకు పనికొస్తది."

పట్టాభి కాగితాలు ముందుకు లాక్కున్నాడు. తారీఖులు ఒక్కొక్కటే అడిగాడు, చెప్పాను. ఏ రోజు ఏం చెప్పానో, సార్ ఏమన్నాడో, ఏ పోస్టు ఇస్తానన్నాడో. టీ తాగించిన సంగతి కూడా చెప్పాను. ఆడవాళ్ళు వింటూ కూర్చున్నారు. ఒక్కరు కూడా దగ్గలేదు.

"మోసింది ఎవరో పేరు రాయమంటావా అమ్మా? కుర్రాడు. తర్వాత నిజం చెప్పాడు కూడా" అన్నాడు పట్టాభి.

"రాయుర్రి" అన్నది అండాలమ్మ. "నిజం చెప్పింది గూడ రాయుర్రి. ఇందాక మనం చప్పట్లు కొట్టినం, గది గూడ రాయుర్రి. జ్యోతికను ఎల్లగొట్టినం, గది మొదలు రాయుర్రి."

ఆయన రాసుకుంటూ తల ఎత్తకుండానే అడిగాడు.

"ఇంటిపేరు?"

చెప్పాను.